మబ్బు నీడ, సారూ

పొద్దుగాల నాలుగున్నరకే కారు దిగిండు రుషి సారు.
పూర్తి పేరుకు నా నోరు తిరగలే,
ఆయనే సగం కోసి ఇచ్చిండు.
సంచిల నాలుగు గాలం కట్టెలు.
ఒక్కోదాని ఖరీదుకు నా పుట్టి మూడుసార్లు కొత్తదైతది.
డబ్బల రబ్బరు కప్పలు,
పచ్చవి, నల్లవి, ఒకటి గులాబి రంగుది.
గులాబి కప్పను మా నేరేడుగొమ్ము దిక్కు నేనైతే సూడలే,
చేప సూసిందేమో అడగాలె.

భాద్రపదం. పైనుంచి నీళ్లు ఇడిసిన్రు.
మొన్నటిదాక మేకలు మేసిన దిబ్బ
ఇయ్యాల రెండు నిలువుల లోతు.
తుమ్మ మోళ్లు మెడలదాక మునిగి నిలవడ్డయి.

"కొరమీను ఎక్కడుంటుంది ముత్తిలింగం?"
ఆయన కొరమీను అంటడు, నేను కొర్రమట్ట అంట.
చేపకు రెండూ తెల్వయి.
నీళ్ల మీద గుర్తులుండయి సారూ,
నాకు మా తాత మాటలే గుర్తులు.
గీ తెడ్డు కింద ఆయన జొన్న చేను.
అటు పది బారలు పోతే మోట బావి,
దాని రాతికట్టు సందులల్ల సల్లదనం.
ఎండ ముదిరితే పెద్ద చేప ఆడికే జేరుతది.
తాత బతికినన్ని దినాలు ఈ నీళ్లు నోట్లె పోసుకోలే.
నేను వాటి మీదనే బతుకుతున్న,
దినానికి పన్నెండు వందలు, చాయ్ అదనం.

సారు ఇసిరే తీరు బాగున్నది.
మణికట్టు తెలుసు, ఆగుడు తెల్వది.
"కప్ప గట్ల ఉరుకది సారూ.
దుంకుతది, గాబరైతది, ఆగుతది.
ఆగినప్పుడే సావు వస్తది."
నవ్విండు. నవ్వి, ఆగుడు నేర్సిండు.
ఒక్కపారి నీళ్లు పగిలినయి,
గులాబి కప్ప లోపలికి పోయింది, కట్టె విల్లయింది,
సారు తొందరపడ్డడు.
దారం ఒదులై తిరిగొచ్చింది.
కప్పకు ఒక కాలు లేదు.

ఎండ ఎక్కినంక బావి దిక్కు పుట్టి తిప్పిన.
ఆడ కనవడ్డది.
మోడు పక్కకు నీళ్లు ఎర్రగ ఉడుకుతున్నయి
జల్లెడంత మేర, కారం సల్లినట్టు.
పిల్లలు.
వెయ్యి ఉంటయో, రెండువేలుంటయో,
గాలికి పైకొచ్చి మూతులు తెరిసి మునుగుతున్నయి.
వాటి కింద జానెడు లోతుల
నల్లగ, కదలకుంట, తల్లి.
ఇప్పుడు దాని ముందల పాత చెప్పు పడేసినా కరుస్తది.
ఆకలికి గాదు.

ఇరువై ఏండ్ల నాడు పట్టిన గసొంటిదాన్ని.
మూడు కిలోల పైన. అంగట్ల ఎగవడ్డరు.
మాపటికి మళ్ల పోయి సూసిన,
ఎందుకు పోయిన్నో తెల్వది.
పొట్టలు ఉబ్బిన జెల్లలు తిరుగుతున్నయి ఆడ.
నీళ్లు ఉత్త నీళ్ల రంగుకొచ్చినయి.

సారు ఇటు మళ్లి డబ్బల ఏదో ఎతుకుతున్నడు.
తెడ్డు ఒక్కపారి ఎడమకు ఏసిన.
పుట్టికి ముందు లేదు, ఎనక లేదు,
కూసున్నోనికి ఎటు తిరిగిండో తెల్వది.
దాంట్లె నాకు నచ్చిన గుణం గదొక్కటే.

పదకొండుదాక ఒక జెల్ల,
అరచెయ్యంత వాలుగ పిల్ల.
రెండింటినీ తడిచేతులతోటే ఇడిసిండు.

ఒడ్డుకొచ్చినంక బూట్లల్ల నీళ్లు వంపుకుంట అడిగిండు.
"ఆ మోడు దగ్గర నీళ్లు ఎర్రగా ఎందుకున్నాయి?"
తాడు కట్టే చేతులు ఆగినయి.
"మబ్బు నీడ, సారూ."
ఆయన తల ఎత్తి సూసిండు.
మొగులు తుడిసిన తాంబాళం లెక్కున్నది,
ఒక్క పోగు మబ్బు లేదు.

పన్నెండు వందలు లెక్కవెట్టిండు.
పైన ఇంకో రెండు వందలు, చాయ్‌కి అన్నడు.
కొక్కేలు పీకేసి
కాలు లేని గులాబి కప్పను నా చేతిల వెట్టిండు.

గా రెండు వందలు దేనికో ఇంకా లెక్క తేలలే.
అమాస దాటినంక మళ్ల అస్తనన్నడు.
అప్పటికి పిల్లలు ఎరుపు ఇడిసి నల్లవడతయి,
ఎవల దారి వాళ్లు సూసుకుంటరు.
అప్పుడు తోల్కపోత బావి కాడికి.
తల్లి దొరికితే దొరుకుతది.
లేకుంటే మొగులు మీద మబ్బన్న ఉంటదేమో.